ముందర వదిలిన జాగా

పుంగనూరు బైపాస్‌లో ఓబులప్ప టీ కొట్టుంది. అక్కడ మునికుమార్ నోరు తెరిచాడంటే అందరి టీలూ చల్లారాల్సిందే. టమోటా లోడ్లు తోలే పికప్ అతనిది. బెంచీ చివర సదుం రాజమ్మ ఒళ్లో చెనక్కాయల సంచి పెట్టుకుని వింటోంది. మొన్న మదనపల్లె మార్కెట్‌కి పోయిన లోడు ఆమెదే. సరుకుకి కాపలాగా బాక్సుల మీదెక్కి, వెనక్కి తిరిగి కూర్చుని పోయింది. ఇతగాడి కథలో తానెప్పుడొస్తుందా అని ఇప్పుడు కాచుకుని ఉంది.

"గొర్రిల మంద అడ్డమొచ్చె. ముందర బండి ఆగె, నేనూ ఆపినా. ఊరికే ఆపుతానా? ముందర లారీ పట్టేంత జాగా ఇడిసి, బ్రేకు మీద కాలు పెట్టి, అద్దంలో కన్నేసి ఉండాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎనకాల టిప్పరు, ఆగకుండా వస్తాండాది!"

"అయ్యో! ఎంత దూరంలో?" అన్నాడు ఓబులప్ప.

"అది చౌడేపల్లిలో ఉండంగానే అద్దంలో పట్టేసినా."

"అంత దూరంలో ఉండే చౌడేపల్లిలోనా!"

"నా అద్దం అట్లాంటిదప్పా! స్టీరింగ్ ఒక్క తిప్పు తిప్పితే బండి పైకి లేసి, మందని దాటి, చింతచెట్టు మీదుగా పోతాండాది. కింద టిప్పరు. ఆ డ్రైవర్‌కి పైనుంచే చెప్పినా, గేరు మార్చప్పా అని! ఒక్క టమోటా నలిగిందేమో అవ్వనే అడగండి!"

"నలగలేదు నాయనా," అంది రాజమ్మ. "అయితే నీ కన్ను అద్దంలో యాడుండాది? సెల్లులో ఉండె. టిప్పరుని సూసి క్యాబిన్ మీద దబదబా కొట్టింది నేను గదా?"

కొట్టంతా గొల్లుమంది.

"జాగా ఇడిసింది నేనే గదవ్వా!"

"ముందర బండిలో కోళ్ల ఎరువు. కంపు పడక దూరంగా ఆపితివి."

మునికుమార్ చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. ఆ రోజు అతను రోడ్డు పక్కన కూలబడి వణికిన సంగతి మాత్రం రాజమ్మ బయటపెట్టలేదు. లేచి, చెనక్కాయల సంచి అతని చేతిలో పెట్టింది.

"నేను కొట్టంగానే యాల అని అడక్కుండా బండి ముందరికి జరిపితివి. టిప్పరు మనం నిలబడిన తావులోనే వచ్చి ఆగె. నీ పుణ్యాన బతికినా, తిను."

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నువ్వు కొట్టకుంటే నేనే లేనవ్వా," అన్నాడు. "ఇంక ముందర మల్లెపూల లోడు పోతాన్నా సరే, అంతే జాగా ఇడుస్తా."