మీసంలో స్క్రూ

వాచీలు విప్పి బిగించడం నేర్పే క్లాసులో మామగారూ అల్లుడూ ఒకే బల్ల ముందు కూర్చున్నారు. ఇద్దరికీ వాచీలంటే ప్రాణం. కానీ అల్లుడి పెళ్లయి మూడేళ్లయినా వాళ్ల మాటలు "బాగున్నారా" దాటలేదు.

"అల్లుడుగారూ, ఆ చక్రం మీరు పెట్టండి. నాకు సరిగ్గా కనిపించడం లేదు."

"నాకూ అంతే మామయ్యగారూ. మీరు భూతద్దం పట్టుకోండి."

"కొంచెం ఎడమకి... ఆఁ, కూర్చుంది!"

"ఇక స్క్రూ... అయ్యో, చిమటాలోంచి ఎగిరిపోయింది!"

"కదలకండి. మీ మీసంలో ఉంది."

"నవ్వించకండి, తీయండి!"

"తీశాను. బిగించి కీ ఇవ్వండి."

"మామయ్యగారూ, టిక్కుటిక్కుమంటోంది!"

"ఒరేయ్, నడిచిందిరా! మనిద్దరమే నడిపించాంరా!"

మరుక్షణమే మామగారు నాలుక కరుచుకున్నారు. అల్లుడికి మాత్రం మనసు నిండిపోయింది.

"క్షమించండి, నోరు జారింది."

"జారనివ్వండి మామయ్యా. మా ఇంట్లో అందరూ నన్నలాగే పిలుస్తారు."

"అయితే రెండో వాచీ తియ్యరా!"