మా వీధి తలుపుల మీద అసెంబ్లీలో ప్రశ్న

“అమ్మమ్మా, ఎమ్మెల్యేలు అసెంబ్లీలో ప్రశ్నలడిగితే నిజంగా ఏమన్నా అవుద్దా?”

అవకేం పిల్లా! ఒకసారి మా ఇంటి వీధి తలుపుల మీదే అడిగారు. నవ్వకు, గుణదల మాత తోడు.

డెబ్బైల్లో మాట. మీ అమ్మ నా కడుపులో ఉంది. నాలుగో నెల... కాదులే, ఐదో నెల. పొట్ట మటుకు పన్నెండో నెలలా ఉండేది. మా ఊరికీ పామర్రు ఆసుపత్రికీ మధ్య కాలవ, దానిమీద చెక్క వంతెన. నడిమధ్యన చెక్కలూడిపోయి ఏనుగు పట్టేంత కంత. సరే, ఏనుగు కాదు, దూడ. అంతకు ముందేడు మా తోడికోడలికి నొప్పులొస్తే పడవ కోసం గట్టున కూచోబెట్టారు. పడవొచ్చేలోపే బిడ్డ పోయింది. ఇది మాత్రం పెంచి చెప్పటంలేదమ్మా.

అందుకే మీ తాతని ఎమ్మెల్యే గారి దగ్గరికి తరిమా. ఆయన ప్రశ్న రాసిచ్చాడు. దానికి సభలో మంత్రి గారు జవాబు చెప్పాలిగా? మా కంత సంగతి ఆయనకేం తెలుసు, పాపం! చూసి రమ్మని ఓ ఆఫీసర్ని పంపారు.

ఇక చూస్కో మనోళ్ల మర్యాద! “అంత పెద్దమనిషి కాలవలో పడితే ఊరి పరువేం కాను?” అని మీ తాత మా వీధి తలుపులు రెండూ ఊడబీకి కంత మీద పరిచాడు. పైన కొత్త చాప! ఆఫీసర్ది నాకన్నా పెద్ద పొట్ట. పెళ్లికొడుకులా దాటొచ్చి, నలభై గారెలు తిని, కోడిపులుసు జుర్రి, “వంతెన దిట్టంగా ఉంది” అని రాసి పారేశాడు. మంత్రి గారు సభలో అదే చదివారు.

ఎమ్మెల్యే గారు నిప్పులు కక్కుకుంటా దిగాడు. “ఏవయ్యా, లేని కంత గురించి అడిగానని సభంతా నవ్విందయ్యా!” తలుపులా, ఇంకా వంతెన మీదే ఉన్నాయ్. ఊరోళ్లు తియ్యనిస్తేగా! మనుషులు నడుస్తారు సరే, దానిమీద బండెట్టా పోద్ది? నేనే అన్నా, “అయ్యగారూ, కంత సంగతొదిలెయ్యండి. మా ఇంటికి తలుపులెందుకు లేవో అడగండి.”

ఆయన నావంక చూసి పకపకా నవ్వాడు. పోయి సభలో లేచి, “ఆ ఊళ్లో ఒక ఇంటి తలుపులు వంతెన మీదెందుకున్నాయో మంత్రి గారికి తెలుసా?” అన్నాడంట. మంత్రి గారు కుండెడు మంచినీళ్లు తాగాడంట. నేను చూడొచ్చానా? ఆయన చెప్పిందానికి కాస్త ఉప్పూకారం నాది.

వారం తిరక్కుండా ఇంకో ఆఫీసరు. ఈసారి ముందే తలుపులు తీసేశాం. మజ్జిగ కూడా ఇవ్వలా. కంత దగ్గరకొచ్చేసరికి ఒక చెప్పు కాలవలో పడింది. పాపం, కొంగలా ఒంటికాలి మీద నిలబడి అక్కడే రాసుకున్నాడు.

కొత్త చెక్కలకి పూసిన తారు ఆరకముందే నొప్పులొచ్చాయ్ నాకు. బండి దాటింది. ఎడ్ల గిట్టలకి తారు, మీ తాత పంచెకి తారు. పామర్రు ఆసుపత్రిలో మీ అమ్మ కేరుమంటే బెజవాడ రైళ్లాగిపోయినయ్.

చల్లగా ఉండు తల్లీ. నీ గడపకి ఏ ఆఫీసరొచ్చినా సరే, ముందు కంత చూపించు. గారెలు తర్వాత.