ఎడమపక్క స్పీకరు

చిత్తూరులో స్పీకర్లు బిగించే అంగడి ముందర, పాత చిన్నకారు తలుపులు విప్పి చూసినాడు మెకానిక్కు. డ్రైవరు సీట్లో కూర్చున్న పెద్దాయనకు ఇంటికి పోయే తొందరేమీ లేదు.

“అన్నా, కుడిపక్క స్పీకరు కొత్తదాని మాదిరే ఉండాది. ఎడమదే చినిగిపోయింది.”

“మా ఇంటామెకు చెవి మందమప్పా. కారెక్కితే సౌండంతా తనపక్కకే తిప్పుకునేది.”

“ఆయమ్మ రాలేదా ఈరోజు?”

“ఆడికృత్తిక పండగకు తిరుత్తణి గుడికి పోయొచ్చినాం. ఆ వారంలోనే కాలం చేసింది.”

మెకానిక్కు స్క్రూడ్రైవరు కింద పెట్టి, స్టీరియో దగ్గరికి వంగినాడు.

“అట్లయితే కొత్తది ఎందుకన్నా? సౌండు కుడికి తిప్పేస్తా, మీకు బాగా ఇనబడతాది.”

“తిప్పొద్దు. ఎడమదే మార్చు.”

“ఆపక్క ఇనేదానికి ఎవురుండారన్నా?”

“ఎవురూ లేరు. ఇన్నేండ్లూ ఆమె ఇనంగా మిగిలిందే నేను ఇనింది. నాకట్లే అలవాటప్పా.”