అత్తయ్య షట్‌డౌన్

ఉత్తరాది ఉక్కు పట్నంలోని సాక్చి పేటలో, ఆడవాళ్ళ ఆసుపత్రి బెంచీ మీద అత్తాకోడళ్ళు కూర్చున్నారు. కోడలికి పెళ్ళయి నలభై రోజులు. అత్తగారితో ఆటోలో రావడం కూడా ఆమెకు షికారులాగే ఉంది.

"నాకేటి రోగమే? నొప్పొత్తే అప్పుడొద్దాం."

"గర్భసంచి ముఖద్వారం దగ్గర చిన్న బ్రష్‌తో తుడిచి క్యాన్సరు పరీక్షకి పంపుతారు, అత్తయ్యా. రెండు నిమిషాల పని."

"బాగున్నదానికి పరీక్షేటి?"

"ప్లాంటులో బాగా తిరిగే మిషన్ని మావయ్యగారు ఎందుకు ఆపుతారు?"

"షట్‌డౌనా? ఇరిగిపోనాక ఏటి సూత్తారు, ముందే సూడాల గానీ... ఓసి దొంగమొకమా!"

కోడలు కిసుక్కున నవ్వింది. అత్తగారు నవ్వలేదు.

"మా అక్కకి ఆ రోగమే వత్తే, సిగ్గుపడి ఎవలికీ సెప్పనేదే. సెప్పేసరికి ఆలీసమైపోనాది."

"అందుకే మనం ముందొచ్చాం."

"నువ్వు కూడా లోపలికొత్తావా?"

"చెయ్యి పట్టుకునే ఉంటాను."

నర్సు పిలిచింది. ఇద్దరూ వెళ్ళారు. బయటికి వచ్చేటప్పుడు అత్తగారే ముందు నడిచింది.

"ఇంతేనా? దీనికా నేను రేత్రంతా దేవుడికి మొక్కినాను!"

"రిపోర్టు వారానికి వస్తుందట."

"రానీ. ఏటున్నా ముందే తెలుత్తాది కదా." బెంచీ మీద బిక్కుబిక్కుమంటున్న బీహారీ ఆవిడ భుజం తట్టింది. "డరో మత్, బెహన్. దో మినట్. మేరీ బహూ లాయీ హై."

'నా కోడలే తీసుకొచ్చింది' అన్న ఆ మాటకు కోడలి మొహం విప్పారింది.

"మావయ్యగారికి నేను చెప్పనా, అత్తయ్యా?"

"నువ్వెందుకే? నేనే సెప్తాను. ముప్పై ఏళ్ళు ఆయన షట్‌డౌన్ల గొప్పలు నేను ఇన్నాను. ఇయ్యేళ నాది ఆయన ఇంటాడు."