పైపులో నీళ్ళు

సొంతింటి సింకు ఎన్నాళ్ళనుంచో కారుతున్నా పట్టించుకోని ప్లంబరుకి, మామగారూ బావమరిదీ వచ్చి ముందుగదిలో కూర్చున్న పూటే దాన్ని బాగుచెయ్యాలని బుద్ధి పుట్టింది. వచ్చి కూతుర్ని తీసుకుపొమ్మని వాళ్ళకి కబురు పెట్టింది తనే. తీరా వాళ్ళొచ్చాక మొహం చూపించలేక సింకు కిందికి దూరాడు. అతని తల్లి అప్పటికే గోడవైపు తిరిగి కూర్చుంది. ముందు మీరిద్దరూ ఓ మాట అనుకుని రండని మామగారు కూతుర్ని లోపలికి పంపాడు. ఆమె వచ్చి వంటింటి తలుపు దగ్గరగా వేసింది.

"బయటికి రండి."

"ఆ రెంచి ఇలా ఇయ్యి."

"రెంచి తర్వాత. మా నాన్న మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. ఎందుకు రమ్మన్నారమ్మా అని అడుగుతున్నాడు. ఏం చెప్పను?"

"రమ్మన్నది నేను. నేనే చెప్తాను."

"ముందు నాకు చెప్పండి. ఇన్ని రోజులూ కంచం నెట్టెయ్యడం, తలుపు దభాలున వెయ్యడమే గానీ, నోరు తెరిచి ఒక్క మాట అనలేదు మీరు."

"అనడానికేముంది? నాకు ఆపరేషన్ అయి మూడు నెలలు దాటింది. నీకు మూడో నెల. ఆమాత్రం లెక్క చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది."

"ఏం తెలుస్తుంది?"

"నా నోటితో అనిపించకు."

"అనండి. వింటాను."

"నాది కాదు. చాలా?"

"చాలు."

"ఎవడిదని నేను అడగను. అడిగి నేను చేసేదేముంది?"

"అడగండి. నాకూ తెలుసుకోవాలనుంది. తెల్లారి లేస్తే ఇద్దరు పిల్లలూ, మీ అమ్మా. డాబా మీద బట్టలారేసేటప్పుడు ఓ కాకి వచ్చి వాలుతుంది. ఈ ఇంట్లో నేను చూసే పరాయి మగాడు అదొక్కటే."

"వెటకారం వద్దు."

"వెటకారం కాదు, ఒళ్ళు మండి అంటున్నాను. ఆపరేషన్ అంటే మగాడు చచ్చుపడిపోతాడనీ, ఇంక బరువులెత్తలేడనీ మీ అమ్మ అంటుందని ఆవిడకి హెర్నియా అని చెప్పారు. నాచేత ఒట్టేయించుకున్నారు. అంత దాచినవారు ఇప్పుడావిడకి ఎలా చెప్పారు? నన్ను తిట్టించడానికైతే ఆ సిగ్గు అడ్డం రాలేదా?"

"చేయించుకున్నది ఎవరికోసం? నీ ఒంట్లో రక్తం లేదు, ఇంకో కాన్పంటే ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ అంటేనే కదా. మా వాళ్ళలో ఏ మొగుడు చేయించుకున్నాడు? దానికి నాకు దక్కింది ఇది."

"కాదనను. ఆ రోజు మీ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. అందుకే ఇప్పుడిది మింగుడు పడటం లేదు."

"అయితే చెప్పు మరి, ఎలా వచ్చింది?"

"నిన్న ఆస్పత్రికి వెళ్ళాను."

"తీయించుకోవడానికా?"

"అడగడానికి. మీకు ఆపరేషన్ చేసినచోటికే. నర్సమ్మకి మీరు బాగా గుర్తున్నారు. మూడు నెలలు జాగ్రత్తగా ఉండమన్నాం, ఆ తర్వాత పరీక్షకి రమ్మన్నాం, మీ ఆయన మళ్ళీ కనపడలేదేం అంది."

"అన్నదా."

"మీకు చెప్పారా, లేదా?"

"ఏదో చెప్పారు. బల్లమీద పడుకోబెట్టి, అక్కడ సూది గుచ్చి, అప్పుడు చెప్తే ఎవడి చెవికి ఎక్కుతుంది?"

"కవరు కూడా ఇచ్చామంది."

"ఏ కవరు?"

"మీరే చెప్పండి, ఏ కవరో."

"ఆ... ఏవో నిరోధ్ ప్యాకెట్లు. మురిక్కాలవలో పడేశాను. బండిలో ఉంటే పనివాళ్ళు చూసి నవ్వుతారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"కోసి కట్టేశాక ఇంకేముంటుంది? మా మేస్త్రీ కూడా అదే అన్నాడు. ఆ రోజునుంచే బందు, ఇంక నీ ఇష్టారాజ్యం అన్నాడు."

"మేస్త్రీ చేయించుకున్నాడా?"

"లేదు."

"మరి?"

"వాడికి తెలుసు."

"తెలుసు. పాలిచ్చినన్నాళ్ళూ నెల తప్పదని మీ అమ్మకీ తెలుసు. ఆ తెలివికి పుట్టిందే మన రెండోది. వెంటనే లేచి కడుక్కుంటే ఏమీ కాదని మా పిన్నికి తెలుసు. ఆవిడకి అయిదుగురు. మాత్రలు మింగితే ఇంక జన్మలో కడుపు పండదని పక్కింటావిడకి తెలుసు, నాచేత మాన్పించింది. అందరికీ అన్నీ తెలుసు. మొయ్యడానికి మాత్రం నేనొక్కదాన్నే."

"మెల్లిగా. వింటారు."

"కుట్లు ఆరీ ఆరకముందే దగ్గరికొచ్చిందెవరు?"

"మెల్లిగా అన్నానా."

"ఎవరు?"

"నేనే. అయినా ఏదో ఒకటి రెండుసార్లకే..."

"నిన్న మీరు ఏం పని చేశారు?"

"ఇప్పుడదెందుకు?"

"చెప్పండి. ఏం పని?"

"మూడంతస్తుల మేడ. స్నానాల గదిలో కుళాయి మార్చాను."

"మార్చేముందు?"

"పైకెళ్ళి ట్యాంకు దగ్గర వాల్వు కట్టేశాను."

"కట్టేసి, కిందికొచ్చి వెంటనే కుళాయి ఊడదీశారా?"

"ఎవడైనా ఊడదీస్తాడా? మొహం మీద కొడతాయి. పైపులో మిగిలిన నీళ్ళన్నీ ముందు వదిలెయ్యాలి, అవి పోయి, కుళాయి పొడిగా అయ్యాకే..."

"ఊఁ. ఆగిపోయారేం?"

"అయితే..."

"అయితే."

"నాదేనా?"

"నర్సమ్మ ఇంకోలా చెప్పింది. మీకు మీ భాషలో చెప్తే ఎక్కుతుందని ఇలా అడిగాను."

"నిజంగా నాదేనా?"

"ఆ మాట ఇంకోసారి అడక్కండి."

"అడగను. తప్పయిపోయింది. ఏడవకు. ఇదిగో, వచ్చేశాను, లేచాను. చేతులనిండా మట్టి, లేకపోతే కళ్ళు తుడిచేవాణ్ణి. ఏడవకే."

"ఏడవట్లేదు. పదండి. మా నాన్నకీ మా అన్నకీ మీ అమ్మకీ ఒక్క మాట చెప్పండి, నాదే అని. మీరు నాకు అంతకంటే ఏమీ చెయ్యక్కర్లేదు. ఈ కడుపు ఉంచుకోవాలో, తీసెయ్యాలో, రక్తం ఎక్కించుకోవాలో, డాక్టరమ్మని అడిగి తర్వాత చూసుకుందాం."

"చెప్తాను."

"రండి మరి."

"ఆగు. ఏమని చెప్పను?"

"జరిగింది చెప్పండి."

"జరిగింది అంటే? డాక్టరు మాట వినలేదనా? ప్యాకెట్లు మురిక్కాలవలో పారేశాననా? మీ అన్న ముందు? వాడి నోట్లో నువ్వుగింజ నానదు. తెల్లారేసరికి మా పనివాళ్ళదాకా వస్తుంది. ఊళ్ళో పైపులన్నీ కడతాడు, సొంతది కట్టుకోలేకపోయాడంటారు."

"అననివ్వండి. నాలుగు రోజులు నవ్వుకుని ఊరుకుంటారు."

"ఊరుకోరు. చచ్చేదాకా అదే పేరు పెట్టి పిలుస్తారు."

"మరి మీరు నాకు పెట్టిన పేరు?"

"అదే ఆలోచిస్తున్నాను. కోప్పడకుండా విను. తప్పు జరిగిపోయిందని నువ్వు ఒప్పేసుకో. ఎవడని ఎవరూ అడక్కుండా నేను చూసుకుంటాను. మనసు గట్టి చేసుకుని క్షమించేశాను, ఆ బిడ్డని నా బిడ్డలాగే పెంచుతానని చెప్తాను. మీ నాన్న నా కాళ్ళమీద పడినంత పని చేస్తాడు. నీ కాపురం నిలబడుతుంది, నా పరువూ నిలబడుతుంది. మన ఇద్దరికీ నిజం తెలుసు కదా, ఇంకేం కావాలి? ఏమంటావు? అదేంటి, తలుపు తీస్తున్నావేం?"

"ఒప్పుకుంటాను. నువ్వన్నట్టే, ఈ బిడ్డ నీది కాదనే చెప్తాను. ఇంతకుముందు అది అబద్ధం, ఇప్పుడు కాదు. నాన్నా, పిల్లలిద్దరికీ చెప్పులు తొడుగు."