జయరావు మాస్టారి తోక తెగని లెక్క

పర్చూరు బస్టాండు పక్కన హుస్సేన్ సాహెబ్ టీ కొట్టు బెంచీ మీద కూర్చుంటే చాలు, జయరావు మాస్టారికి లోకంలో తెలియని లెక్క ఉండదు. ఆ ఏడు, అంటే రెండువేల మూడులో, కొత్తగా ట్యూషను పెట్టాడు. బడులు తెరిచి రెండు నెలలైనా ఒక్క పిల్లా చేరలేదు. ఆ ఉదయం మనవరాలి సంగతి మాట్లాడదామని సుబ్బరావమ్మ వచ్చి, మిరపనారు గంప దించుకుని నిలబడింది. మాస్టారి గొంతు లేచింది.

"నేను చేసింది చిన్న లెక్కేలేమ్మా! ఐదుకి వర్గమూలం తీసి, ఒకటి కలిపి, సగం చేశా. ఒకటి పాయింటు ఆరు ఒకటి ఎనిమిది... అక్కణ్ణుంచి తోక, ఎక్కడా తెగదు. దాన్ని దానితోనే గుణించా. దగ్గర్లో ఉన్న నిండు అంకె మూడు. వచ్చినదాన్ని మళ్ళీ ఆ మొదటి అంకెతోనే గుణిస్తే, దగ్గర్లోది నాలుగు. ఆపైన ఏడు, పదకొండు, పద్దెనిమిది, ఇరవై తొమ్మిది, నలభై ఏడు, డెబ్బై ఆరు! కాలిక్యులేటరు లేదు, ఒట్టి బుర్ర!"

"ఎంతసేపు పట్టిందేంటి?" అన్నాడు పొగాకు రైతు పేరయ్య.

"టీ చల్లారేలోపు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నూరోసారి గుణించేసరికి తోక పుస్తకంలో పట్టలా. గోడలెక్కించా, గోడలూ చాల్లా. సుద్దముక్క పుచ్చుకుని రోడ్డెక్కా. పర్చూరులో మొదలెట్టిన తోక ఒంగోలు పోయి ఆగింది. అంకెలు తొక్కకూడదని లారీ డ్రైవర్లు చెప్పులు విప్పి పక్కన నడిచారు!"

"వాన పళ్ళేదా?" అన్నాడు హుస్సేన్ సాహెబ్ టీ వడపోస్తూ.

"ఎందుకు పళ్ళా? రోడ్డుకి అటూ ఇటూ కుండపోత! నా అంకెల మీద మాత్రం చుక్క రాలితే ఒట్టు. ఒంగోలు గిత్త ఒకటి ఎదురొచ్చి, తొమ్మిది మీద డెక్క వెయ్యబోయి, చూసుకుని కాలు వెనక్కి తీసుకుంది! ఇంతకీ జిల్లాలో సుద్ద మొత్తం అయిపోయి బడులకి సెలవిచ్చారు!"

సుబ్బరావమ్మ పెదాలు కదులుతున్నాయి. పిల్ల చేరినట్టే అనుకున్నాడు జయరావు.

"మాస్టారూ, డెబ్బై ఆరు తర్వాతది నూట ఇరవై మూడాండీ?"

జయరావు ఆమెవైపు తిరిగాడు. నిజంగా నూట ఇరవై మూడే. పోయిన ఆదివారం రెండు పూటలు గుణకారం చేసి అక్కడిదాకా తేల్చాడు. చెప్పిన కథలో నిజం ఆ కాస్తే.

"మీకెలా తెలిసిందమ్మా?"

"మూడూ నాలుగూ ఏడు. నాలుగూ ఏడూ పదకొండు. వెనకవి రెండూ కలుపుకుంటా పోతే వచ్చేస్తన్నాయి కదండీ. దీనికి ఒంగోలు దాకా ఎందుకెళ్ళారు?"

పేరయ్యకి నవ్వుతో టీ పొలమారింది. హుస్సేన్ సాహెబ్ వడపోత గుడ్డ వదిలేసి నవ్వాడు. జయరావుకి ఆ నవ్వులు వినబడలేదు. జేబులోంచి లెక్క రాసుకున్న కాగితం తీసి, వేలు పెట్టి కూడుకుంటూ పోయాడు. పద్దెనిమిదీ ఇరవై తొమ్మిదీ నలభై ఏడు. ఒక్కచోటా తప్పలేదు.

"తోక తెగని అంకె... దాన్నుంచి వచ్చినవి ఇంత బుద్ధిగా ఎలా కూడుకుంటున్నాయమ్మా?"

"నన్నడుగుతారేంటండీ, మాస్టారు మీరు కదా!"

"నాకు తెలీదమ్మా."

ఆ బెంచీ మీద ఆయన నోటి నుంచి ఆ మాట ఎవరూ విని ఎరగరు.

సుబ్బరావమ్మ గంప నెత్తికెత్తుకుంది. "రేపు పొద్దున పిల్లని పంపిస్తా. ఇద్దరూ కూర్చుని చూడండి," అనేసి చేలవైపు నడిచింది.