ఈనిందన్న కాయితం, కాదన్న ఆవు

"అవ్వా, ఇంగ్లీషుల 'కాల్వ్' అంటే ఈనుడంట. ఆవుకు, బర్రెకు వాడాలంట, మనిషికి వాడొద్దంట."

గిది నేర్పనీకె నీకు కాలేజీ కావాల్నా బిడ్డా? మనిషి కంటది, ఆవు ఈనుతది. మన ఊరు కోడేరుల పేడ తీసే ముసల్దాన్నడిగినా చెప్తది. గని ఒక సదువుకున్న సారుకు తెల్వకుండె.

ఎనభైల ముచ్చట. సర్కారోళ్లు ఆవులిస్తమని నాగర్‌కర్నూలుకు పిలిచిండ్రు. మీ తాత పోయి అప్పటికి ఏడాది... కాదు, ఏడాదిన్నర. మీ అమ్మకు రెండేండ్లు. నాకు పాలు ఎండినయి, దానికి గంజి తాపుతుంటి. ఆవొస్తే పాలొస్తయని ఒకటే ఆశ.

సారు కుర్చీల కూసొని ఇంగ్లీషు కాయితం సదివిండు. "తొలిచూరు ఆవు, నెల కింద ఈనింది" అని మాకు తెలుగుల జెప్పిండు, ఆయనే దగ్గరుండి పురుడు పోసినట్టు! పక్కకు కొత్త తాడుతోని దూడ సుత ఉండె.

నేను కొమ్ము పట్టి సూసిన. ఈత ఈతకు కొమ్ము మీద ఒక గీర పడ్తది, ఎరికేనా? దీని గీరలన్ని ఆకురాయితోని రుద్ది, నూనె పూసిండ్రు. పాపం, పెండ్లిసూపులకు తయారుజేసిండ్రు.

"సారూ, ఇది ముసల్ది" అంటి.

"నీకు ఇంగ్లీషొస్తదా?"

"నాకు రాదు. ఆవుకు సుత రాదు. దూడనిడువుండ్రి."

"గింత తెలివి జెప్తున్నవ్, నువ్వెన్నిసార్లు ఈనినవే?"

జనం కిలకిల నవ్విండ్రు.

"నేను ఒక్కదాన్ని కన్న సారూ. అది గంజి తాగుతుంది."

సర్కారుకు ఆ ఆవునమ్మనొచ్చిన బేరగాడు కదల్లే. నేనే తాడిప్పిన. దూడ పోయి పొదుగుల మూతి పెట్టింది. ఆవు మెడ తిప్పి వాసన జూసింది, ఒక్క తన్ను తన్నింది. దూడ అరుసుకుంట పక్క దొడ్లెకు ఉరికింది, కన్నతల్లి కాడికి.

"కొత్త జాగల బెదిరింది" అన్నడు సారు. ఎంత పెద్ద డాక్టరో!

నేను వేలిముద్ర ఎయ్యలే. నా పేరు కొట్టేస్తనన్నడు, కొట్టేసిండు. సదువుకున్నోడు గదా, మాట తప్పలే. మీ అమ్మ ఇంకో ఏడాది గంజే తాగింది. ఇప్పటికీ గంజి వాసనొస్తే మొకం తిప్పుకుంటది, సూడు.

గని నా ఎనక నిలబడ్డ ఆడోళ్లున్నరు గదా, వాళ్లల్ల ఒక్కతి సుత కాయితం దిక్కు సూడలే. ఎవరికి ఎవరూ జెప్పలే. ఒక్కొక్కతి వోయి దూడ తాడిప్పింది.

నువ్వు మంచిగ సదువు బిడ్డా. సల్లగుండు. రేపు నువ్వు సుత గసోంటి కుర్చీల కూసుంటవ్. ఈనిందని రాసే ముందు లేసి జర దొడ్లెకు వోయి రా.